ఇంటిని లాక్కుంటూ లేహ్‌కు: ఏ దారి మేలు?

శ్రీనగర్ నుంచి ఒక రోడ్డు, మనాలీ నుంచి మరో రోడ్డు. ఒకటి మనిషికి అనుకూలం, రెండోది బండికి. వెనక కారవాన్ ఉన్నప్పుడు ఈ తేడాయే ప్రాణాల మీదికి తెస్తుంది.

లద్దాఖ్ వెళ్లాలనుకునేవారు ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటే. కాశ్మీర్ వైపు నుంచి ఎక్కాలా, హిమాచల్ ప్రదేశ్ వైపు నుంచి ఎక్కాలా? మోటార్ సైకిల్‌పైనో, చిన్న కారులోనో వెళ్లేవారికి ఇది అభిరుచికి సంబంధించిన విషయం. పచ్చటి లోయలు కావాలంటే శ్రీనగర్, బంజరు పీఠభూముల మీద పరుగు కావాలంటే మనాలీ. కానీ కారు వెనక పడకలు, వంటగది, నీళ్ల ట్యాంకు ఉన్న పెద్ద ట్రెయిలర్‌ను కొక్కేనికి తగిలించి బయల్దేరితే లెక్క మారిపోతుంది. అప్పుడు చూడాల్సింది దృశ్యాలు కాదు. మలుపు ఎంత వెడల్పుంది, వాలు ఎంత దూరం సాగుతుంది, చీకటి పడేసరికి బండి ఎంత ఎత్తులో ఆగుతుంది అన్నవి.

మన దేశంలో కారవాన్ అంటే ఎక్కువగా ఒకే శరీరమున్న బస్సు లాంటి వాహనమే. కారు వెనక లాక్కెళ్లే రకం అరుదు. కేరళ 2021లో కారవాన్ పర్యాటకానికి ప్రత్యేక విధానం ప్రకటించాక ఈ ఆసక్తి మైదాన ప్రాంతాలు దాటి కొండలకూ పాకింది. కొండల్లో అందరి చూపూ చివరికి లేహ్ మీదే పడుతుంది. అక్కడికి చేర్చే రెండు రహదారులూ పొడవులో దాదాపు సమానం. శ్రీనగర్ నుంచి సుమారు 420 కి.మీ. మనాలీ నుంచి దాదాపు 430 కి.మీ. మ్యాపులో తేడా కనిపించదు. తేడా అంతా నిలువులో ఉంది.

ఒక గండం, నాలుగు కనుమలు

శ్రీనగర్ సముద్రమట్టానికి 1,585 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కణ్నుంచి సింధ్ నది వెంట సోనామార్గ్ దాకా రోడ్డు సౌమ్యంగానే ఉంటుంది. గగన్‌గీర్ - సోనామార్గ్ మధ్య మంచు చరియలు విరిగిపడే భాగాన్ని తప్పిస్తూ నిర్మించిన 6.5 కి.మీ. సొరంగం 2025 జనవరి 13న ప్రారంభమైంది. అసలు పరీక్ష ఆ తర్వాత బాల్‌తల్ దగ్గర మొదలవుతుంది. 3,528 మీటర్ల ఎత్తున్న జోజిలా కనుమకు రోడ్డు అక్కణ్నుంచి కొండను చెక్కినట్లు ఏటవాలుగా ఎక్కుతుంది. ఒకవైపు రాతి గోడ, మరోవైపు లోయ. వాన పడితే బురద, ఎండ కాస్తే దుమ్ము. ఎదురుగా లారీ వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లక తప్పని చోట్లున్నాయి.

తిరుమల ఘాట్ రోడ్ల మీద ప్రయాణించిన తెలుగువారికి జోజిలా ఏర్పాటు సులువుగానే అర్థమవుతుంది. తిరుమలలో 1944 నాటి పాత రోడ్డు దిగడానికి, 1974 నాటి కొత్త రోడ్డు ఎక్కడానికి. ఎదురెదురు వాహనాల బెడద లేదు. జోజిలా దగ్గర రెండో రోడ్డు వేసే చోటు లేదు కాబట్టి ఆ పని గడియారంతో చేస్తారు. రోడ్డు పరిస్థితిని, వాతావరణాన్ని బట్టి ట్రాఫిక్ పోలీసులు ఏ రోజుకారోజు వేళలు ప్రకటిస్తారు. భారీ వాహనాలను తరచుగా ఒక రోజు ఇటు, మరో రోజు అటు వదులుతారు. ట్రెయిలర్ ఉన్నవారు తమ బండి ఏ జాబితాలోకి వస్తుందో సోనామార్గ్‌లోనే అడిగి తెలుసుకోవాలి. పర్యాటకుల కారే కదా అనుకుని చిన్న వాహనాల వరసలో దూరితే మధ్యలో ఇరుక్కునేది వారొక్కరే కాదు.

జోజిలా దాటితే మాత్రం రోడ్డు స్వభావమే మారిపోతుంది. గుమ్రీ నుంచి ద్రాస్ వైపు వాలు మెల్లగా సాగుతుంది. కార్గిల్ 2,676 మీటర్లు. ఆ తర్వాత నమికా లా, ఫోతు లా వస్తాయి. 4,108 మీటర్ల ఫోతు లా జోజిలా కంటే ఎత్తైనదే అయినా అక్కడ రోడ్డు వెడల్పు, మలుపులు విశాలం. అంటే ఈ దారిలో ఉన్నది ఒకే ఒక్క గండం. అది కూడా కొన్ని గంటల్లో గట్టెక్కేది.

మనాలీ దారి తీరు వేరు. రోహ్‌తాంగ్ కనుమ బురదలో గంటల తరబడి లారీలు బారులు తీరే రోజులు 2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ సొరంగంతో పోయాయి. 9.02 కి.మీ. పొడవున్న ఈ సొరంగం మనాలీ - లేహ్ దూరాన్ని 46 కి.మీ. తగ్గించింది. దాన్ని దాటి కేలాంగ్, జిస్పా, దార్చా మీదుగా వెళితే వరసగా నాలుగు కనుమలు ఎదురవుతాయి. బారాలాచా లా సుమారు 4,890 మీటర్లు. నకీ లా 4,700 మీటర్లకు పైన, లాచుంగ్ లా 5,000 మీటర్లకు పైన. చివరిదైన తంగ్లంగ్ లా 5,328 మీటర్లు. బండి దృష్టితో చూస్తే ఈ దారి అంత చెడ్డది కాదు. చాలా భాగం తారురోడ్డు. సర్చూ తర్వాత వచ్చే గాటా లూప్స్‌లో 21 హెయిర్‌పిన్ మలుపులున్నా ముందు మలుపు పైనుంచో కిందినుంచో కనిపిస్తూనే ఉంటుంది. పాంగ్ దాటాక మోరే మైదానం దాదాపు 40 కి.మీ. చదును. జోజిలా లాంటి ఇరుకు ఇక్కడ తక్కువ.

ఇంత వరకు చూసి చాలామంది మనాలీకే ఓటు వేస్తారు. పొరపాటు అక్కడే జరుగుతుంది.

రాత్రి ఎక్కడ?

కారవాన్ కొనుక్కునేవారికి ఉండే పెద్ద ఆకర్షణ ఎక్కడ కావాలంటే అక్కడ పడుకోవచ్చన్నది. హిమాలయాల్లో ఆ స్వేచ్ఛ సగం కూడా ఉండదు. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్ల కంటే పెంచకూడదన్నది పర్వత వైద్యంలో అందరూ అంగీకరించే నియమం. పగలు ఎంత ఎత్తుకు వెళ్లివచ్చారన్నది అంత ముఖ్యం కాదు. రాత్రి తల ఎక్కడ వాల్చారన్నది ముఖ్యం. నిర్లక్ష్యం చేస్తే తలనొప్పి, వాంతులతో మొదలై ఊపిరితిత్తుల్లో, మెదడులో నీరు చేరే దాకా వెళ్లవచ్చు. అప్పుడు చేయాల్సిన మొదటి పని కిందికి దిగడం.

ఈ నియమాన్ని రెండు దారులకూ వర్తింపజేసి చూస్తే తేడా తెలుస్తుంది. శ్రీనగర్ వైపు మొదటి రాత్రి సోనామార్గ్‌లో, రెండో రాత్రి కార్గిల్‌లో గడపవచ్చు. రెండూ 2,700 మీటర్ల చుట్టుపక్కలవే. మూడో రాత్రి ఆల్చీ దగ్గరో, ఖల్సీ దగ్గరో ఆగి నాలుగో రోజు 3,500 మీటర్ల లేహ్ చేరితే శరీరం మెట్టు మెట్టుగా ఎక్కినట్లు. దారిలో ఎక్కడ ఆరోగ్యం దెబ్బతిన్నా ముందో వెనకో ఊరుంది, కార్గిల్‌లో జిల్లా ఆస్పత్రి ఉంది.

మనాలీ 2,050 మీటర్లు. జిస్పా సుమారు 3,200. అక్కడ రెండు రాత్రులు ఆగినా మర్నాటి మజిలీ సర్చూ. అంటే 4,290 మీటర్లు. ఒకేసారి వెయ్యి మీటర్ల పైచిలుకు గెంతు. పాంగ్ అయితే ఇంకా ఎత్తు. తేలికపాటి కారున్నవారు జిస్పాలో తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి లేహ్ చేరుకుని ఈ గండం తప్పించుకోగలరు. ట్రెయిలర్‌తో అది కుదరదు. ఎక్కుడులో వేగం సగానికి పడిపోతుంది. ప్రతి కనుమ దిగాక బ్రేకులు చల్లారే దాకా ఆగాలి. కాబట్టి సర్చూలోనో, పాంగ్‌లోనో పడుకోక తప్పదు. గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో ఐదింట మూడు వంతులే ఉండే చోట, ఎత్తుకు అలవాటుపడని శరీరంతో, పిల్లలతో, పెద్దవాళ్లతో ఒక రాత్రి. దార్చా దాటాక రుమ్‌సే వచ్చేదాకా సీజన్‌లో వేసే గుడారాలు, సైనిక శిబిరాలే తప్ప శాశ్వతమైన ఊళ్లు లేవు. పైగా సర్చూ నుంచి ఎటు కదిలినా ముందు ఎక్కాల్సిందే. ఒకవైపు బారాలాచా, మరోవైపు లాచుంగ్. ఒంట్లో బాగా లేని మనిషిని వెంటనే కిందికి దించే వీలు లేదు.

ఇంట్లో పడుకున్నామన్న ధీమా ఇక్కడ ఇంకో రకంగానూ ముంచుతుంది. రాత్రి చలికి తలుపులు, కిటికీలు బిగించి గ్యాస్ హీటరో, స్టవ్వో వెలిగిస్తే ప్రాణవాయువు తక్కువున్న చోట మంట సరిగా మండదు. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దాని తొలి లక్షణాలు కూడా తలనొప్పి, వికారమే. ఎత్తు వల్ల వచ్చిందనుకుని మాత్ర వేసుకుని పడుకుంటే ఇక లేవకపోవచ్చు.

ఎక్కడం కాదు, దిగడమే

ఇక బండి సంగతి. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు పదోవంతు శక్తి కోల్పోతుంది. తంగ్లంగ్ లా చేరేసరికి మిగిలేది సగం కంటే కాస్త ఎక్కువ. టర్బో డీజిల్ ఈ నష్టాన్ని చాలావరకు తట్టుకుంటుంది. కాబట్టి ట్రెయిలర్ లాగేవారికి అదే నయం. అయితే శక్తి చాలకపోతే బండి ఆగిపోతుంది, అంతే. బ్రేకులు చాలకపోతే ఆగదు.

దిగేటప్పుడు వెనకున్న టన్నుల బరువు కారును ముందుకు తోస్తుంది. పెడల్ మీద కాలు అలాగే అదిమి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి, బ్రేక్ ఆయిల్ మరిగిపోతుంది. ఎక్కడానికి వాడిన గేరులోనే దిగాలన్నది ఘాట్ రోడ్ల డ్రైవర్ల పాత సూత్రం. ఇంజినే బండిని పట్టి ఉంచాలి. బ్రేకు అప్పుడప్పుడు గట్టిగా నొక్కి వదలాలి. ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు లేకపోతే ఈ రెండు దారుల్లో దేనికీ బయల్దేరకపోవడమే మంచిది. మలుపుల్లో ట్రెయిలర్ చక్రాలు కారు చక్రాల జాడలో రావు, లోపలికి కోసుకుపోతాయి. బయటి అంచు దాకా వెళ్లి తిరగాలంటే ఎదురు వాహనం ఉండకూడదు. ఇరుకైన కొండదారిలో ఎక్కే వాహనానికి దిగే వాహనం దారి ఇవ్వాలని మన రోడ్డు నిబంధనలు చెబుతున్నాయి. ట్రెయిలర్‌తో దిగుతున్నవారికి దీని అర్థం ఆగడమే కాదు, అవసరమైతే వంకర దారిలో వెనక్కి నడపడం కూడా. కారు తిప్పిన వైపు కాక వ్యతిరేక దిశలో కదిలే ట్రెయిలర్‌ను లోయ అంచున రివర్స్ చేయడం మైదానంలో నేర్చుకుని రావాల్సిన విద్య.

జోజిలా విషయంలో శ్రీనగర్ వైపు నుంచి వెళ్లేవారికి ఇక్కడే ఒక అనుకూలత ఉంది. ఆ కనుమకు నిట్రమైన వైపు బాల్‌తల్ వైపు. శ్రీనగర్ నుంచి వస్తే దాన్ని ఎక్కుతారు, మెత్తటి వాలున్న ద్రాస్ వైపు దిగుతారు. లేహ్ నుంచి వస్తే ఆ నిట్రమైన, ఇరుకైన భాగాన్నే దిగాలి. ఎక్కే వాహనాలకు దారి ఇస్తూ దిగాలి. ఒకే కనుమ, ఒకే రోడ్డు. దిశ మారితే ప్రమాదం మారుతుంది.

ట్యాంకులు ఎక్కిన కనుమ

జోజిలాకు భారీ వాహనాలతో పరిచయం యుద్ధంతోనే మొదలైంది. 1948లో ఆక్రమణదారుల చేతిలో ఉన్న ఆ కనుమను తిరిగి తీసుకోకపోతే లేహ్ దక్కని పరిస్థితి. జనరల్ తిమ్మయ్య ఆధ్వర్యంలో స్టువార్ట్ ట్యాంకులను బురుజులు విప్పి రహస్యంగా తరలించారు. దక్షిణాది జవాన్లతో కూడిన మద్రాస్ శాపర్స్ బాల్‌తల్ నుంచి కంచరగాడిదల బాటను ట్యాంకులు వెళ్లేలా వెడల్పు చేశారు. ఆ ఏడాది నవంబరు 1న ట్యాంకులు కనుమ దాటాయి. అదే నెలలో ద్రాస్, కార్గిల్ తిరిగి చేతికొచ్చాయి. 1999లో ద్రాస్ దగ్గరి శిఖరాలపై తిష్ఠ వేసిన పాకిస్థాన్ సేనలు గురిపెట్టింది కూడా ఈ రోడ్డుకే. మనాలీ దారి విలువ అందరికీ తెలిసొచ్చింది అప్పుడే.

ఆ చరిత్ర ఇంకా ముగియలేదు. 2024 అక్టోబరు 20న గగన్‌గీర్‌లో సొరంగం సిబ్బంది శిబిరంపై ఉగ్రవాదులు దాడి చేసి ఏడుగురిని చంపారు. 2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్ దగ్గర 26 మందిని పొట్టన పెట్టుకున్నారు. కాబట్టి శ్రీనగర్ దారి ఎంచుకునేవారు వాతావరణ సూచనతో పాటు భద్రతా సూచనలూ చూసుకోవాలి. సైనిక కాన్వాయ్‌లకు రోడ్డు వదలాలి. అలాగని మనాలీ దారి నిశ్చింత కాదు. 2023 జులైలో బియాస్ వరదలకు మనాలీ రహదారి అనేక చోట్ల కొట్టుకుపోయింది. 2018 సెప్టెంబరు చివర అకాల హిమపాతానికి లాహౌల్‌లో వందలాది మంది చిక్కుకుపోయారు. జూన్ చివరి నుంచి సెప్టెంబరు మధ్య వరకే ట్రెయిలర్‌కు సరైన కాలం. అందులోనూ మంచు కరిగి వాగులు పొంగే మధ్యాహ్నాల కంటే ఉదయాలే నయం.

వెళ్లేది అటు, వచ్చేది ఇటు

ఇదంతా కలిపి చూస్తే జవాబు ఒక దారి కాదు, ఒక వరస. వెళ్లేటప్పుడు శ్రీనగర్ నుంచి. జోజిలాను ఎక్కుడు దిశలో, అనుమతించిన వేళలో దాటాలి. కార్గిల్ మీదుగా నిదానంగా లేహ్ చేరి కనీసం రెండు రోజులు కదలకుండా ఉండాలి. వచ్చేటప్పుడు మనాలీ మీదుగా. అప్పటికి శరీరం ఎత్తుకు అలవాటుపడి ఉంటుంది కాబట్టి పాంగ్‌లోనో, సర్చూలోనో ఒక రాత్రి భయపెట్టదు. గాటా లూప్స్, బారాలాచా దిగేటప్పుడు బ్రేకుల మీద జాగ్రత్త ఉంటే చాలు. ఇంధనం మాత్రం లేహ్‌లోనో కారూలోనో నింపుకోవాలి. తర్వాతి బంకు 365 కి.మీ. దూరంలో అని హెచ్చరించే తాండీ బోర్డు దశాబ్దాలుగా ప్రయాణికులకు చిరపరిచితం. ట్రెయిలర్ లాగే బండికి ఆ 365 ఐదారు వందలతో సమానం. నిమ్మూ - పదుమ్ - దార్చా పేరుతో 2024లో కలిసిన 298 కి.మీ. మూడో దారి ఉంది కానీ దానిలోని ఒకే ఒక్క కనుమ షింకూ లా 16,580 అడుగులు. 2024 జులై 26న మొదలైన సొరంగం పని పూర్తయ్యేదాకా అది ట్రెయిలర్ల దారి కాదు.

లేహ్ చేరాక చేయదగ్గ తెలివైన పని ట్రెయిలర్‌ను అక్కడే వదిలేయడం. ఖర్దుంగ్ లా, చాంగ్ లా మీదుగా నుబ్రాకో, పాంగాంగ్‌కో ఇంటిని ఈడ్చుకెళ్లాల్సిన అవసరం లేదు. అద్దెకు తెచ్చిన వాహనమైతే ఇంకో చిక్కు. బయటి టాక్సీలు, అద్దె బండ్లు లద్దాఖ్ లోపల తిరగడంపై స్థానిక టాక్సీ సంఘాలకు ఎన్నాళ్లుగానో అభ్యంతరం ఉంది. ఏడాదిలో కొద్ది నెలలే సంపాదన ఉండే చోట ఆ అభ్యంతరాన్ని అర్థం చేసుకోవచ్చు.

బండి ఆపే చోటు విషయంలో ఒక్క నియమం మరవకూడదు. ఎండిన వాగు చదునుగా, విశాలంగా, ట్రెయిలర్ కోసమే చేసినట్లుంటుంది. ఏడాదికి 100 మి.మీ. వానే పడే లేహ్‌లో 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి కురిసిన కుండపోతకు అలాంటి వాగులే బురద నదులై చోగ్లమ్‌సర్ తదితర ప్రాంతాల్లో 200 మందికి పైగా ప్రాణాలు తీశాయి. అలాగే కారవాన్ టాయిలెట్, వంటగది మురుగును వంపేయడానికి ఇక్కడ ఏర్పాట్లు వెతుక్కోవాల్సిందే. మంచు కరిగిన నీటి కాలువల మీద బతికే ఊళ్లవి. చుక్క నీరు వాడని పొడి మరుగుదొడ్లు ఆ నేల నేర్పిన పద్ధతి. ట్యాంకు మూత ఎక్కడ తెరవాలో తెలియనివారు దాన్ని మూసే ఉంచాలి.

ఈ లెక్కలన్నీ కొన్నేళ్లలో మారవచ్చు. బాల్‌తల్ నుంచి మినామార్గ్ దాకా దాదాపు 13 కి.మీ. జోజిలా సొరంగాన్ని హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజినీరింగ్ చేపట్టింది. తొలి పేలుడు 2020 అక్టోబరు 15న జరిగింది. 2028లో పూర్తి చేయాలన్నది లక్ష్యం. ఒకప్పుడు నెలల తరబడి మూతపడే కనుమను సరిహద్దు రహదారుల సంస్థ 2025లో 32 రోజులకే తెరవగలిగింది. సొరంగం వస్తే ఆ ఎదురుచూపూ ఉండదు. అప్పుడు శ్రీనగర్ దారిలో మనిషికీ బండికీ మధ్య పేచీ మిగలదు. మనాలీ దారిలో ఎన్ని సొరంగాలు తవ్వినా సర్చూ మాత్రం 4,290 మీటర్ల దగ్గరే ఉంటుంది.